తొండలకు నంబర్లు

1965 ఏప్రిల్ 18, ఆదివారం. పానగల్.

సామాను సర్దడం అయింది. గది చిన్నదే కానీ కిటికీ గుట్ట వైపు ఉంది. నాకు కావలసింది అదే.

రేపు పొద్దున్నే పని మొదలు. వానలు పడేలోపు ఈ గుట్ట మీద తొండలన్నిటికీ నంబర్లు వేస్తాను. ఏ తొండ ఏ బండ మీద ఉంటుంది, ఎంత దూరం తిరుగుతుంది, దేనితో కొట్లాడుతుంది, అన్నీ రాస్తాను. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ అయ్యాక హైదరాబాదులో రామచంద్రం సారు దగ్గర పరిశోధనకు చేరాను. ఆయన ఇచ్చిన మొదటి పని ఇది. తొండలన్నీ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి కాబట్టి ముందు గుర్తు పెట్టాలి. గుర్తు లేనిదే లెక్క లేదంటారు సారు.

కూతురిని పంపడానికి బాపు పెట్టిన షరతులు రెండు. అవ్వ నాకు తోడుగా ఉండాలి. వానలు పడేదాకానే ఈ పని. తర్వాత హాలియా బడిలో సైన్సు టీచరుగా చేరాలి, హెడ్మాస్టరు జాగా ఆపి ఉంచాడట. ఈలోపు సారు మెచ్చే పని చూపిస్తే బాపును ఎలాగో ఒప్పించవచ్చు. లేకపోతే సుద్దముక్కే.

నియమాలు:
పొద్దు పొడిచేసరికి గుట్ట మీద ఉండాలి.
ప్రతి తొండకూ నంబరు. పేర్లు పెట్టకూడదు.
జాలి పడకూడదు.
తొండల వ్యవహారాల్లో వేలు పెట్టకూడదు.

అవ్వకు పని అంతా వివరించాను. బాపు వాళ్ళమ్మ, పేరు గుర్వమ్మ, ఎవరు చెప్పినా ఓపిగ్గా వింటుంది. అంతా విని అడిగింది:

"తప్పిపోతే దొర్కబట్టెతందుకు అవి బర్రెలా బిడ్డా?"


ఏప్రిల్ 19, సోమవారం.

ఐదింటికి లేచాను. అవ్వ నాలుగింటికే లేచి రొట్టెలు చేసింది.

పొడుగాటి పుల్ల చివర దారంతో ఉచ్చు. ఎండ తగలకముందు తొండలు మొద్దుగా ఉంటాయి, మెల్లగా మెడలో వేసి లాగితే సరి. ఏడున్నరకు మొదటిది దొరికింది. బూడిదరంగు ఆడ తొండ. ఎడమ చేతిలో పట్టుకుంటే నా బొటనవేలి కింద దాని గుండె కొట్టుకోవడం తెలుస్తూనే ఉంది.

సారు నేర్పిన పద్ధతి: ముందుకాళ్ళ వేళ్ళు ఒకట్లు, వెనక కాళ్ళవి పదులు. ఏ వేలి కొన కత్తిరిస్తే ఆ నంబరు. చిన్న కత్తెర, ఒక్క నొక్కు, పైన స్పిరిట్ చుక్క. తొండకు గొంతు లేదు, అరవదు. వదలగానే పరుగెత్తింది. ఒకటో నంబరు.

మధ్యాహ్నానికి మూడు అయ్యాయి. ఈ లెక్కన మే నెలాఖరుకు గుట్ట మొత్తం నా పుస్తకంలో ఉంటుంది.


ఏప్రిల్ 22, గురువారం.

గుట్ట మీద మేకలు మేపే బీరమ్మ పరిచయమైంది. నేను దుర్భిణీ పెట్టుకుని కూర్చుంటే వెనక నుంచి వచ్చి నిలబడింది.

"ఏం రాస్తున్నవమ్మా?"

"తొండల లెక్క."

తన మేకలను ఒకసారి చూసుకుంది. "గొర్ల మీద పన్నేసిండ్రు. మేకల మీద ఏసిండ్రు. ఇగ తొండల మీద గూడనా?"

సర్కారు మనిషిని కానని ఎంత చెప్పినా నమ్మలేదు. పోతూ పోతూ ఒక జాగ్రత్త చెప్పింది. "ఆ నడిమి బండ మీద ఎర్రతలది ఉన్నది సూడు, దాని జోలికి వోకు. దూరంకెల్లే నెత్తురు గుంజుతది."

మగ తొండలకు జతకట్టే కాలంలో తలా మెడా ఎర్రబారి, మిగతా ఒళ్ళు నల్లబడుతుంది. రక్తం తాగడం వల్ల వచ్చే ఎరుపు కాదది. ఇదంతా చెప్పాను. బీరమ్మ కొంగు దగ్గరికి లాక్కుని మేకలను అటు పక్క నుంచి తోలుకుపోయింది.


ఏప్రిల్ 27, మంగళవారం.

ఈ రోజు దుర్భిణీలో వేళ్ళు లెక్కపెట్టి నాలుగో నంబరును గుర్తుపట్టాను. నడిమి బండకు తూర్పు ముఖం గోడలా నిటారుగా, నున్నగా ఉంటుంది. తొండలన్నీ దాని మీద పురుగుల కోసం పాకుతాయి. నాలుగో నంబరు సగం దాకా వెళ్ళి జారింది. మళ్ళీ ఎక్కింది. మళ్ళీ జారి ఈసారి కింద పడింది. వెల్లకిలా పడి, తిప్పుకుని, నన్నే చూసినట్టు అనిపించింది.

నన్ను చూడలేదు. తొండలు అలా చూడవు.

దానికి ముందుకాలి వేలు ఒకటి కత్తిరించాను. నంబరు వేయనివి కూడా జారుతుంటాయి కాబోలు. నేను గమనించి ఉండను.


ఏప్రిల్ 29, గురువారం.

ఆరో నంబరు కూడా జారింది.

ఈ రోజు కొత్తగా ఒక్కటీ పట్టలేదు. కత్తెర మొద్దుబారింది.


ఏప్రిల్ 30, శుక్రవారం.

కత్తెర మొద్దుబారలేదు. అవ్వ దాంతోనే గోళ్ళు తీసుకుంది.

బాగా ఆలోచించి నిర్ణయానికి వచ్చాను. వేళ్ళు కత్తిరించే పద్ధతిలో పెద్ద లోపం ఉంది: దుర్భిణీకి అందేంత దగ్గరగా రాకపోతే నంబరు కోసం మళ్ళీ మళ్ళీ పట్టుకోవాలి. అదే వీపు మీద రంగుతో రాస్తే గొడుగు కింద కూర్చునే చదువుకోవచ్చు. ఇది జాలి వల్ల తీసుకున్న నిర్ణయం కాదు. మూడో నియమం చెక్కుచెదరలేదు.


మే 2, ఆదివారం.

అవ్వా నేనూ నల్లగొండ బజారుకు నడిచి వెళ్ళి రంగు డబ్బాలు తెచ్చాం. ఎడ్ల కొమ్ములకు పూసేదే, ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు. కొట్టతను ఎన్ని జతల ఎడ్లున్నాయని అడిగాడు. అవ్వ ఏమాత్రం తడుముకోకుండా "గుట్టెడున్నయి" అంది.


మే 5, బుధవారం.

ఎంత హాయి. ముదురు బండ మీద తెల్ల నంబరు మైలురాయిలా కనిపిస్తుంది. అన్నిటికీ వీపు మీద తెల్ల అంకె, కుర్రమగలకు అదనంగా తల మీద ఎర్రచుక్క. కూర్చున్న చోటు నుంచి కదలకుండా పొద్దున్నే తొమ్మిదింటిని చదివాను. వేళ్ళ పద్ధతిలో వారం పట్టేది.

సారుకు ఈ సంగతి రాయాలి. ఫలితాలు వచ్చాక రాస్తాను.

మిగిలిన ఎరుపుతో అవ్వ తన ట్రంకు పెట్టెకు అంచు వేసుకుంది.


మే 7, శుక్రవారం.

గొడవ జరిగింది. నడిమి బండ మీద పెద్ద మగది ఉంది, బీరమ్మ చెప్పిన ఎర్రతలది. ఆ బండంతా దానిదే. దాని నీడలో పదిహేనో నంబరు ఇన్నాళ్ళూ బూడిదరంగులో అణిగిమణిగి బతికింది. నేను తల మీద ఎర్రచుక్క పెట్టాక పెద్దది దాన్ని చూడగానే ముందుకాళ్ళ మీద లేచి, గొంతు ఉబ్బించి, మీదికి ఉరికింది. మెడ కొరికి బండ మీద నుంచి తోసేసింది. పదిహేను పారిపోయి పక్క బండ ఎక్కింది. అక్కడి మగది కూడా తరిమింది.

ఈ కాలంలో ఎర్రతల అంటే సవాలు. మీసాలు రాని పిల్లవాడికి నేను మీసం గీసి పెద్దమనుషుల మధ్యలోకి తోశాను.

అవ్వకు చెప్తే రొట్టె కాలుస్తూ అంది: "తొండ ముదిరితె ఊసరవెల్లి అయితదంటరు. నువ్వు ముదరకముందే చేస్తివి."


మే 8, శనివారం.

పదిహేనును పట్టి గోటితో రంగు గీకేశాను. అంటే నాలుగో నియమం పోయింది. నేను చేసిన గొడవను నేనే సరిదిద్దుకుంటే వేలు పెట్టినట్టా? అయినా అది నా వేలునే కొరికింది.

అవ్వ పసుపు పెట్టింది. బీరమ్మ వచ్చి వేలు అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంత గుంజింది?" అని అడిగింది.


మే 12, బుధవారం.

పొద్దున ఎనిమిదింటికి పంతొమ్మిదో నంబరు బండ కొన మీద ఎండ కాచుకుంటోంది. పక్కన నంబరు లేనివి ఇంకా రెండున్నాయి. ఎక్కడి నుంచి వచ్చిందో డేగ, రెప్పపాటులో తన్నుకుపోయింది. మూడింటిలో దాన్నే. మిగతా రెండూ బండ రంగులో కలిసిపోయి ఉన్నాయి మరి.

దుర్భిణీలో చూస్తూనే ఉన్నాను. డేగ చెరువు వైపు తిరిగేదాకా దాని గోళ్ళ మధ్య నంబరు స్పష్టంగా చదవగలిగాను. దూరం నుంచి చదవడానికే కదా వేశాను.


మే 13, గురువారం.

గుట్టకు వెళ్ళలేదు. ఎండ ఎక్కువగా ఉంది.


మే 14, శుక్రవారం.

వెళ్ళలేదు. అవ్వకు మోకాలి నొప్పి. ఒంటరిగా వదలకూడదు.

(నొప్పేమీ లేదని, తన మీద పెట్టొద్దని అవ్వ అంటోంది.)


మే 16, ఆదివారం.

కొత్త పద్ధతి. తోక మొదట్లో మెత్తటి దారంతో చిన్న పూసలు కట్టడం. పూసల రంగుల వరసే నంబరు. నలుపు, గోధుమరంగు పూసలైతే డేగకు కనిపించవు, మగవాటికి కోపం రాదు, వేళ్ళు వేళ్ళలాగే ఉంటాయి. ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో. అవ్వ తన తెగిన దండ ఇచ్చింది. ఐదింటికి కట్టాను. ఉత్సాహం తిరిగొచ్చింది.


మే 18, మంగళవారం.

పూసలు కట్టిన ఆడ తొండ ఒకటి మధ్యాహ్నం బండ చీలికలో దూరింది. తోక బయట, మనిషి లోపల. పూసలు రాతికి పట్టేశాయి. లాగితే తోక ఊడుతుందేమోనని భయం. కత్తెర పట్టదు, వేలు పట్టదు. ఎండకు రాయి కాలుతోంది. గొడుగు దానికి పట్టి నేను ఎండలో కూర్చున్నాను.

ఎంతకీ రాకపోయేసరికి అవ్వ గుట్టెక్కి వచ్చింది. ఆ వయసులో, కర్ర పట్టుకుని. సంగతి చూసి కిందికి కేకేసింది. బీరమ్మ ఇంటికి పరుగెత్తి గిన్నెలో పల్లినూనె పట్టుకొచ్చింది.

"దీన్ని ఇడిపిస్తె నెత్తురు గుంజది గద?" అని బీరమ్మ.

"దాని నెత్తురే ఇంకిపోతున్నది, నీదేం గుంజుతది. పోయ్యి," అని అవ్వ.

చీలికలోకి నూనె పోసి, దారాన్ని సూదితో కొంచెం కొంచెం తెంపాను. సాయంత్రానికి వదులైంది. నూనె కారుతూ బయటికి వచ్చి, మెరిసిపోతూ, మా ముగ్గురి మధ్య నుంచి వెళ్ళిపోయింది. మిగతా నాలుగింటినీ రేపు పట్టి పూసలు తీసేయాలి.

అవ్వ దిగిపోవడానికి తొందరపడలేదు. దుర్భిణీ అడిగి తీసుకుంది. ఎర్రతల మగది ఒక ఆడ తొండ ముందు ముందుకాళ్ళ మీద లేస్తూ, వంగుతూ ఉంది. అవ్వ చాలాసేపు చూసింది.

"మీ తాత గూడ గిట్లనే. నేను బాయికాడికి నీళ్ళకు వోతున్ననంటె సాలు, గడ్డమీద బస్కీలు తీస్తుండె."

"నువ్వు సూస్తుంటివా అవ్వా?"

"ఎందుకు సూస్త. నీళ్ళు నింపుకుంటుంటి." దుర్భిణీ కంటి నుంచి తీయకుండానే అంది. "రెండు బిందెలు నింపెతందుకు జరసేపు పట్టేది."


మే 21, శుక్రవారం.

బండ కింద సన్నటి కాగితంలాంటిది దొరికింది. తీసి చూస్తే తొండ విడిచిన తోలు. దాని మీద చక్కగా పదకొండు అని నా అంకె.

తొండలు కుబుసం విడుస్తాయని రెండో సంవత్సరం పరీక్షలో నేనే రాశాను. మంచి మార్కులు వచ్చాయి.

ఇప్పుడు పదకొండో నంబరు నా దగ్గర ఉంది. తొండ మాత్రం గుట్ట మీద ఎక్కడో, ఎవరికీ చెందకుండా తిరుగుతోంది. ఒక రకంగా దానికి మంచిదే.


మే 23, ఆదివారం.

ఆదివారం సెలవు.


మే 24, సోమవారం.

పచ్చీసు ఆడాం. అవ్వ గెలిచింది.


మే 25, మంగళవారం.

బీరమ్మ ఈతపండ్లు తెచ్చింది. ముగ్గురం పచ్చీసు ఆడాం. బీరమ్మ గెలిచింది. అవ్వ పందెం ఒప్పుకోలేదు.


మే 27, గురువారం.

గుట్టకు వెళ్ళాను, ఊరికే. పుల్ల, ఉచ్చు, రంగు ఏమీ తీసుకుపోలేదు. నడిమి బండ ఎర్రతలవాడు బండ చుట్టూ రోజుకు ఎన్నోసార్లు తిరిగి హద్దులు చూసుకుంటాడు. వాడికి పటేలు అని పేరు పెట్టాను. నూనెలో తడిసిన ఆవిడను ఇట్టే గుర్తుపట్టవచ్చు, ఎడమ చెంప మీద మచ్చ. ఆవిడ నూనెమ్మ.

అంటే నాలుగు నియమాల్లో రెండోదీ పోయింది. మొదటిది ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. ఎనిమిదింటికి లేచాను ఈ రోజు.


జూన్ 1, మంగళవారం.

సారు దగ్గర నుంచి కార్డు. ఆదివారం వస్తున్నారట. "ఈపాటికి యాభై దాటి ఉంటాయని ఆశిస్తాను" అని రాశారు.

పుస్తకం తీసి లెక్క చూశాను. వేళ్ళు కత్తిరించినవి పది, అందులో ఈ మధ్య కనిపించేవి ఏడు. తెల్లరంగు వాటిలో డేగకు పోయినవి ఎన్నో, కుబుసంతో పోయినవి ఎన్నో తేల్చలేను. పూసలు పీకేశాను.

ఒక దారి ఉంది. రోజుకు పది చొప్పున నాలుగు రోజులు కత్తిరిస్తే యాభై అవుతాయి. కత్తెర పదును పెట్టించాను.


జూన్ 2, బుధవారం.

చీకటితోనే గుట్ట మీద ఉన్నాను. మొదటి ఉచ్చుకే దొరికింది, నిగనిగలాడే కుర్రది. వేలు పట్టుకున్నాను. కత్తెర ఆనించాను. పొద్దు పొడిచేదాకా అలాగే కూర్చున్నాను. నా చేతి వేడికి దానికి చురుకు వచ్చి విదిలించుకుంది. వదిలేశాను.

జాలి అని రాయడానికి కలం రావడం లేదు. ఇంకో మాట రాస్తాను. నేను వచ్చింది తొండలు ఎలా బతుకుతున్నాయో తెలుసుకోవడానికి. వేలు తెగిన తొండ మామూలుగా బతుకుతోందో లేదో తెలియకుండా దాని లెక్క రాసి ఏం లాభం? అది నేను తయారుచేసిన తొండ లెక్క. పదిహేనో నంబరు బండ మారింది నిజమే. నా ఎరుపు వల్ల మారింది. అది తెలియనివాళ్ళు "కుర్రమగలు దూరం తిరుగుతాయి" అని రాసుకుంటారు.

నేను చూసింది ఇదే. ఇదే చెప్తాను. ఆదివారం దాకా తూర్పు ముఖం ముందు కూర్చుని, ఎవరు జారుతున్నారో, ఎవరు జారడం లేదో రాస్తాను.


జూన్ 6, ఆదివారం.

సారు వచ్చి వెళ్ళారు. అంతా వరసగా రాస్తాను.

పదింటికి దిగారు. టోపీ, గొడుగు, మంచినీళ్ళ సీసా. బండ నీడలో కూర్చోబెట్టి అన్నీ చెప్పాను, డేగతో సహా. అయిపోయాక సారు టోపీ తీసి నుదురు తుడుచుకున్నారు.

"తొండల గురించి తెలుసుకొమ్మని పంపాను. నువ్వు నీ తప్పుల గురించి తెలుసుకున్నావు."

"అవును సార్."

"రంగు సంగతి నాకు తెలుసు. నిలవదు. అందుకే వేళ్ళు కత్తిరించమన్నాను. అందరూ చేసేది అదే."

"అవి జారుతున్నాయి సార్. మీరే చూడండి."

తూర్పు ముఖం ఎదురుగా కూర్చున్నాం. ఎండ. చాలాసేపు ఏమీ రాలేదు. చివరికి నాలుగో నంబరు వచ్చింది, నా మొదటి సాక్షి. కింది నుంచి పైదాకా ఒక్క ఊపున, నిచ్చెన ఎక్కినట్టు ఎక్కేసింది. పైన కూర్చుని పురుగు నమిలింది. సారు నా వైపు చూశారు. నాకు బండ చీలికలో దూరాలనిపించింది.

తర్వాత నంబరే లేని తొండ ఒకటి వచ్చింది. సగం ఎక్కి జారి పడింది.

"చూశావా? నువ్వు ఏది అనుకుంటే అదే కనిపిస్తుంది."

ఏడుపు వచ్చేంత పనయింది. కానీ నిన్నటిదాకా రాసిన కాగితం చేతిలో ఉంది. అది నేను అనుకున్నంత గట్టిగా లేదు. తెగినవి కొంచెం ఎక్కువ జారాయి. కొంచెమే. నంబరు లేనివీ జారాయి. అదే ఆయనకు ఇచ్చాను.

"నిజమే సార్. నాకు తెలియదు. కానీ మీరు ఇన్నేళ్ళుగా కత్తిరిస్తున్నారు కదా, కత్తిరించాక అవి జారాయో లేదో ఎప్పుడైనా కూర్చుని చూశారా?"

అడిగేశాక నా నోరు నేనే మూసుకుందామనుకున్నాను. సారు కాగితం మడిచారు, విప్పారు.

"లేదు," అన్నారు. "నంబరు రాసుకుని ముందుకు పోయాను."

పటేలు వచ్చి మా ముందు బస్కీలు తీసి వెళ్ళాడు.

"నాలుగు బండలు తీసుకుంటాను సార్," అన్నాను. "ఒకదాని మీద వేళ్ళు, ఒకదాని మీద చిన్న గోధుమరంగు చుక్క. ఒకదాన్ని అసలు ముట్టుకోను, దూరం నుంచే చూస్తాను."

"నాలుగోది?"

ఏదో నాలుగు అన్నాను గానీ నాలుగోది నా దగ్గర లేదు. ఆయనే చెప్పారు. "నాలుగోదాని మీద పట్టుకో, చేతిలో అంతసేపూ ఉంచు, ఏ గుర్తూ పెట్టకుండా వదిలెయ్. నీ చెయ్యి కూడా ఒక గుర్తే. కత్తెర చేసిందేదో, చెయ్యి చేసిందేదో విడిగా తెలియాలి. దాన్ని ఎలా గుర్తుపడతావో నువ్వే ఆలోచించు."

"చెంప మచ్చలు గీసుకుంటాను."

"వేళ్ళు కత్తిరించేది అవసరమైనన్నింటికే, వీలైనంత తక్కువకు. ఒక్క వేసవితో తేలదు. వచ్చే వేసవి కూడా కావాలి. ఉంటావా?"

ఉంటాననే అన్నాను. బాపు సంగతి చెప్పలేదు.

ఇంటి దగ్గర అవ్వ జొన్నరొట్టె, మామిడికాయ తొక్కు పెట్టింది. సారు రెండో రొట్టెలో ఉండగా అడిగింది: "మా పిల్ల పాసయిందా సారూ?"

"ఫేలయిందమ్మా. మళ్ళీ రాయమన్నాను."

"అయితె మంచిదే," అంది అవ్వ. "ఇంకొక రొట్టె ఏసుకో."


జూన్ 10, గురువారం.

వాన. మధ్యాహ్నం మూడింటికి పడమటి నుంచి మబ్బు లేచి, గంటసేపు కొట్టింది. గుట్ట ముఖం మీద నీళ్ళు జాలువారుతుంటే కిటికీలో కూర్చుని చూశాం. బీరమ్మ గొంగడి కప్పుకుని మేకలతో పరుగు. ఊరంతా సంబరం.

నేను, అవ్వ తప్ప.


జూన్ 12, శనివారం.

ఊహించినట్టే బాపు వచ్చాడు. హాలియా నుంచి మొదటి బస్సు. గుట్ట మీద ఉన్నానని తెలిసి నేరుగా అక్కడికే వచ్చాడు. చెప్పులు చేతిలో పట్టుకుని తడి బండల మీద జాగ్రత్తగా అడుగులేస్తూ ఎక్కాడు. అవ్వ అప్పటికే నా పక్కన ఉంది.

కూర్చున్నాడు. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"వాన పడ్డది గద బిడ్డా."

"పడ్డది బాపూ."

"హెడ్మాస్టరు అడుగుతున్నడు."

సారు వచ్చిందీ, తిట్టిందీ, చివరికి ఒప్పుకున్నదీ చెప్పాను. వచ్చే వేసవి కూడా కావాలని చెప్పాను. బాపు వింటూ బండ వైపు చూస్తున్నాడు. వాన తర్వాతి ఎండకు పటేలు ఎన్నడూ లేనంత ఎర్రగా ఉన్నాడు.

"గీ ఎర్రతలది ఎవరిది?"

"ఆ బండ దానిదే బాపూ. పొద్దుమాపు హద్దులు సూసుకుంటది."

"మంచి పట్టాదారు," అన్నాడు బాపు. కాసేపు దాన్నే చూశాడు. "ఇంకొక యేడు సూస్తె ఏం తెలుస్తది?"

"మనం ముట్టుకుంటె వాటికి ఏమైతదో తెలుస్తది. ఏం గాదనన్న తెలుస్తది."

"ఏం గాదని తెల్సుకునుడుకు యేడు పడ్తదా?"

"పడ్తది."

అవ్వ అందుకుంది. "చెన్నిగా, కాలువ తవ్వుతున్నరు, నీళ్ళొస్తయి నీళ్ళొస్తయి అని ఎన్ని యేండ్లసంది గట్టు మీద నిలవడి సూస్తున్నవ్? నిన్నెవ్వరన్న లేసి రమ్మన్నరా? దాన్ని గూడ సూడనియ్యి. నేనైతె ఇప్పుడే రాను. నా పని గాలె."

"నీకేం పనే?"

"ఉన్నది తియ్యి."

బాపు నవ్వు ఆపుకోవడానికి తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు. లేచాడు. దుక్కికి అదును ఉంది, మధ్యాహ్నం బస్సు అందుకోవాలి. దిగుతూ ఆగి, నా వైపు తిరగకుండానే అన్నాడు:

"వానలు పడేదాకనే అన్న. నిజమే. ఏ యేటి వానలని అన్ననా?"

బస్సు దాకా వెళ్ళి ఎక్కించాం. కిటికీలోంచి చెయ్యి ఊపలేదు, అది ఆయనకు అలవాటు లేదు. హెడ్మాస్టరుకు తానే చెప్పుకుంటానన్నాడు.


జూన్ 14, సోమవారం.

కొత్త తీర్మానం. నాలుగు బండలు, నాలుగు రకాలు. వచ్చే వేసవి అయ్యేదాకా. పేర్లు పెడితే పెడతాను, పక్కన నంబరు కూడా రాస్తాను. జాలి పడితే పడతాను, పడ్డానని రాస్తాను. పొద్దు పొడిచేసరికి గుట్ట మీద ఉండాలన్నది మాత్రం గట్టి నియమం.

ముసురు వల్ల ఏడున్నరకు లేచాను. రేపటి నుంచి గట్టి నియమం.

మొదట నాలుగో రకం. పడమటి బండ మీద ఆడ తొండ దొరికింది. చెంప మచ్చలు గీసుకున్నాను. చేతిలో పట్టుకుని, కత్తిరించడానికి పట్టేంత సేపు అలాగే ఉంచాను. ఇదే అన్నిటికన్నా కష్టం. చేతులకు ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. వదిలాను. మూడడుగులు పరుగెత్తి ఆగింది, తల తిప్పింది, బండ అవతలికి వెళ్ళిపోయింది.

అన్నం దగ్గర అవ్వ అడిగింది: "పొద్దటిసంది ఏం జేసినవ్?"

"ఒక తొండను పట్టిన అవ్వా. ఏం జెయ్యలె. ఇడిసిపెట్టిన."

"గంతేనా?"

"గంతే."

అవ్వ కాసేపు నమిలి మింగింది.

"గీ పని నాకు గూడ వస్తది. రేపు నన్ను గూడ తోల్కపో."